చిన్నగా రాయనివ్వని పాళీ

మార్చి 6

అక్కా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఈ కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూడు. ఎలా ఉంది? నీ తమ్ముడి కోడిగీతలేనా ఇవి?

కొత్త కలం కొన్నాను. లాబ్‌కి చీటీల పుస్తకాలు కావలసి వచ్చి బస్‌స్టాప్ పక్కనున్న స్టేషనరీ షాపుకి వెళ్తే, అక్కడ ఒక గాజుగ్లాసులో పెన్సిళ్ళ మధ్య నిలబడి ఉంది. ఒళ్ళంతా ప్లాస్టిక్కు, రంగు చూస్తే అచ్చం దగ్గుమందు. ధర చెబితే నవ్వుతావు, బావ ఒక రోజు తాగే టీల ఖర్చు కూడా కాదు. కానీ దాని పాళీ వేరు. మామూలు పాళీకి మొన గుండ్రంగా ఉంటుంది కదా, దీనికి ఉలిలా చదరంగా కోసేసి ఉంది. ఇటాలిక్ పాళీ అంటారట. కిందికి లాగితే లావు గీత, పక్కకి లాగితే సన్న గీత. మనం చేసేదేమీ లేదు, అన్నీ అదే చూసుకుంటుంది. నేను రాసే 'అ'కి ఇంత అందమైన నడుము ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

షాపాయన కొననివ్వలేదు తెలుసా. "సార్, ఇది కవర్ల మీద పేర్లు అందంగా రాసుకునేవాళ్ళ కలం, రోజువారీ రాతకి ఆగదు" అన్నాడు. ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. లాబ్ చీటీలు, సరుకుల జాబితా, నీకు ఉత్తరం, అన్నీ ఇక దీనితోనే రాయాలని పెట్టుకున్నాను. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు కానీ, కట్టుడుపళ్ళు చేసేవాడికి పనిముట్టు ముఖ్యం.

ఒక్కటే పేచీ. పాళీని ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకోవాలి. వేళ్ళ మధ్య కాస్త దొర్లినా ఒక అంచు పైకి లేచి గీత తెగిపోతుంది. చిన్నగా రాస్తే అక్షరాల కడుపుల్లోకి సిరా నిండిపోయి అన్నీ నల్ల చుక్కలవుతాయి. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను, కాగితం దండగ అనుకోకు.

నీ పోయిన ఉత్తరం ఎప్పటిలాగే లాబ్‌లో నా బల్ల దగ్గర, భూతద్దం దీపం కింద పెట్టుకుని, మైనం చల్లారేలోపు చదివేశాను. ఒక్క వైపుతో సరిపెట్టావేం? ఇదివరకు బావ మీద చాడీల కోసం కాగితం తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు అన్నీ ముందువైపే అయిపోతున్నాయి. మీ కుట్టు షాపులో పని ఎక్కువైందా, లేక ఆయనే మంచివారైపోయారా?

నీ పళ్ళ తమ్ముడు


మార్చి 19

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు ఉన్నాయి, తిట్లు కూడా ఉన్నాయి. నీ కవరు చింపి కాగితం తీయగానే, పంపినవాళ్ళ పేరు కోసం కవరు తిప్పి మళ్ళీ చూశాను. ఆ రాత నీది కాదు. షాపులో ఉన్న మీ బావని కేకేసి "ఇదెవరి రాతో చూడండి" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని "బాగుందే, అచ్చు వేసినట్టుంది" అన్నారు. బాగుండటమే నా భయం. పుట్టి బుద్ధెరిగాక నువ్వెప్పుడు బాగా రాశావు?

అమ్మ సంగతి నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. నువ్వు హాస్టల్లో, నేను కొత్త కాపురంలో. అమ్మ ఉత్తరాలు వచ్చేవి. వచ్చినకొద్దీ అక్షరాలు సన్నబడుతూ చివరికి చీమలబారు అయిపోయాయి. కాగితం పొదుపు చేస్తోందని ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత గుండీలు పెట్టుకోలేకపోయింది, ఆ తర్వాత చెంచా పట్టుకోలేకపోయింది. వణుకు జబ్బని డాక్టరు చెప్పేసరికి సంతకం కూడా పోయింది. ఆవిడ చెయ్యి మనకి ముందే చెప్పింది, మనమే చదవలేదు. అందుకే కదా ఆవిడ పోయాక ఒప్పందం పెట్టుకున్నాం. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా నెలకో ఉత్తరం చేత్తో రాయాలని, ఒకరి రాతని ఒకరు కనిపెట్టి ఉండాలని. గొంతు బొంకుతుంది కానీ చెయ్యి బొంకదు అన్నది నువ్వే.

నీ ప్రతి ఉత్తరాన్నీ నేను కర్టెన్లు కొలిచే టేపుతో కొలుస్తాను. నవ్వితే నవ్వుకో. ఇన్నేళ్ళలో రవ్వంత తేడా రాలేదు. ఇప్పుడీ దిక్కుమాలిన పాళీతో రాస్తే టేపు ఎక్కడ పెట్టను? ముసుగు వేసుకున్న మనిషికి కొలతలు తీసినట్టుంది. చెయ్యి బాగున్నవాడికి ఈ వేషం ఎందుకురా? అసలు నువ్వే రాశావా, మీ లాబ్‌లో పాలిష్ పట్టే అమ్మాయి చేత రాయించావా?

ఇక్కడ అంతా మామూలే. బట్ట కత్తిరించే పని మీ బావ తనే చేస్తానని లాక్కున్నారు. నేను వంకరగా కోస్తున్నానట, ఇన్నేళ్ళ కాపురం తర్వాత కనిపెట్టారు మహానుభావుడు. టీ కూడా ఆయనే పెడుతున్నారు. పెట్టి, గ్లాసులో సగమే పోసి ఇస్తున్నారు. పిసినారి.

నా సంగతి వదిలెయ్. నాకేం భయం లేదు, నా భయమంతా నీ గురించే. తిరుగు టపాలో బాల్‌పెన్నుతో రాయి.

అక్క


మార్చి 28

అక్కా,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముచ్చటపడి ఒక కలం కొనుక్కుంటే దొంగతనం చేసినవాడిలా నిలబెట్టావు. రాసింది నేనే. పాలిష్ అమ్మాయికి ఈ మాట చెబితే "మీ అక్కగారికి నా రాత చూపించండి, ఇంకెప్పుడూ అనుమానపడరు" అంది. ఆ పిల్ల రాసే ఏడుకీ ఒకటికీ తేడా ఆ పిల్లకే తెలియదు.

నేను ఈ కలం ఎందుకు కొన్నానో నిజం చెబుతాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇతరుల నోళ్ళలో పెట్టే వస్తువులు చేస్తాను. నేను చేసింది ఎంత బాగుంటే అంత కనిపించకూడదు. ఎవరైనా "అబ్బ, ఎంత చక్కటి కట్టుడుపళ్ళు" అన్నారంటే నా పని చెడినట్టే. ఈ కలంతో గీసిన గీత ఒక్కటే నాకు పైకి కనిపించే పని. అంతకన్నా రహస్యం ఏమీ లేదు.

అయితే రోజువారీకి ఆగదన్న షాపాయన మాట కొంత నిజమే. మొన్న పరువు పోయింది. కట్టుడుపళ్ళ సెట్లకి పెట్టే చీటీలు కూడా దీనితోనే రాస్తున్నానా, మా బల్ల మీద ఎప్పుడూ తడే కదా, బాల్‌పెన్ను రాతకి నీళ్ళ భయం లేదు, ఈ సిరాకి ఉంది. రెండు చీటీలు తడిసి అలుక్కుపోయాయి. లాయరుగారి సెట్టు వెళ్ళి సంగీతం మాస్టారి నోట్లో కూర్చుంది. పాఠం చెబుదామని ఆయన నోరు తెరిస్తే పైవరస కిందికి దిగి వచ్చిందట. మా యజమాని నన్ను కేకలేసి, తర్వాత తనే కడుపు పట్టుకుని నవ్వాడు. ఇప్పుడు చీటీలు మాత్రం బాల్‌పెన్నుతో రాస్తున్నాను.

నీ తృప్తి కోసం కింద నాలుగు లైన్లు బాల్‌పెన్నుతోనే రాశాను. కొలుచుకో. టేపు చాలకపోతే బావ నడుము కొలిచే టేపు తెచ్చుకో.

సగం గ్లాసు టీ సంగతి మాత్రం బాగుంది. మిగిలిన సగం ఆయనే తాగుతున్నారేమో కనిపెట్టు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 9

తమ్ముడూ,

కొలిచాను. తగ్గాయి.

నీ బాల్‌పెన్ను లైన్లు పోయిన సంవత్సరం ఉత్తరాల పక్కన పెట్టి కొలిచాను. అక్షరాలు ఇరుకయ్యాయి, పక్కకి వాలాయి, చివరి లైను చివరికొచ్చేసరికి ఇంకా దగ్గరయ్యాయి. నువ్వు ఆటలాడుతూ రాశావు, నేను చేతులు జోడించుకుని చదివాను. ఆ పెద్ద పాళీ వెనక దాక్కుని ఎన్నాళ్ళుంటావు?

పైగా ఒకరి పళ్ళు ఒకరికి వెళ్ళాయని పెద్ద జోకులాగా రాశావు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడైనా జరిగిందా అది? నీళ్ళు పడి చీటీ చెరిగిందంటావు. నీళ్ళు ఎలా పడ్డాయి? ఎవరి చెయ్యి తగిలి పడ్డాయి? ఆ సంగతి రాయలేదే. అమ్మ కూడా ఇలాగే చెప్పేది. పాలగిన్నె జారితే గిన్నె చెవి వదులైంది అనేది, పిండి ఒలికితే పిల్లి వచ్చింది అనేది. మన ఇంట్లో పిల్లే లేదు.

మనసులో ఉన్నది చెప్పేస్తున్నాను, కోపం తెచ్చుకోకు. ఇది తల్లినుంచి పిల్లలకి వస్తుందో రాదో ఎవరూ గట్టిగా చెప్పలేదు. రావచ్చు అన్నారు, రాకపోనూవచ్చు అన్నారు. ఆ 'వచ్చు' అన్న మాటని నేను మోస్తూనే ఉన్నాను. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ కవరు చింపే ముందు కాసేపు దాన్ని పక్కన పెట్టి ఏదో ఒక పని చేసుకుంటాను. నీ పనంతా చేతిలో ఉంది. పెళ్ళాం పిల్లలూ లేరు, పట్టుకునే మనిషి లేడు. చెయ్యి పోతే నీకేం మిగులుతుంది?

డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది.

నాకు పొద్దున్న సూది గుచ్చుకుని బొటనవేలు మండుతోంది. అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

అక్క


ఏప్రిల్ 24

అక్కా,

మొన్న బావ వచ్చారు. నువ్వు పంపావని నాకు తెలుసు కాబట్టి బుకాయించకు.

చెప్పాపెట్టకుండా లాబ్‌లోకి వచ్చి, ప్లాస్టర్ బస్తా మీద కూర్చున్నారు. ప్యాంటుకి తెల్లగా అంటుకుంటుంది బావా అంటే ఫరవాలేదన్నారు. ఏమిటిలా వచ్చారంటే పంటి నొప్పి అన్నారు. ఏ పన్నో చూపించమంటే గుర్తు లేదన్నారు. పంటి నొప్పి వచ్చిన మనిషి ఏ పన్నో మరిచిపోవడం నా జన్మలో చూడలేదు.

సరే అని నా పని నేను చేసుకుంటున్నాను. మైనంలో కోరపన్ను చెక్కుతున్నాను. ఆయన నా చేతుల వంక చూస్తున్నారు. పాలిష్ మిషను ఆగినప్పుడల్లా ఏదో అడగబోయి, మళ్ళీ అది మొదలవగానే మానేస్తున్నారు. ఎంతోసేపటికి అడిగారు.

"మీ అమ్మగారికి మొదట ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"వణుకు ముందు వచ్చిందా, బిగుసుకుపోవడం ముందా?"

"బిగుసుకుపోవడం. వణుకు ఆ తర్వాత. ఎందుకు బావా?"

"ఊరికే. దారిలో ఆలోచన వచ్చింది" అన్నారు. ఆ మాటంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్లాస్టర్ దుమ్ము అన్నారు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నా కుడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. బావ నన్ను ఆటపట్టించకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి.

అక్కా, ఆయన నా చేతిలో ఏం చూశారు? అప్పటిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆయన మెట్లు దిగాక ఆ కోరపన్ను చేతిలోనే విరిగిపోయింది. మైనం విరగడం రోజూ ఉండేదే. కానీ ఆ రోజు విరిగిన ముక్కలు చేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఇప్పుడు నా చెయ్యి నాది కానట్టు, ఎవరో నా దగ్గర దాచుకున్న వస్తువైనట్టు చూసుకుంటున్నాను. గ్లాసునిండా నీళ్ళు పోసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తున్నాను. ఒలుకుతున్నాయి. ఇదివరకు ఒలికేవో లేదో ఎప్పుడైనా చూశానా? భయపడ్డ చెయ్యి వణకకుండా ఎలా ఉంటుంది?

ఈ కలం కూడా పగబట్టింది. ఇదివరకు గీత తెగితే పాళీని తిట్టేవాణ్ణి. ఇప్పుడు తెగిన ప్రతి గీత దగ్గరా ఆగిపోతున్నాను. ఈ ఉత్తరంలో ఎన్ని చోట్ల తెగిందో నువ్వే చూస్తున్నావు కదా.

నిజం రాయి. ఆయన నీకేం చెప్పారు?

తమ్ముడు


మే 3

తమ్ముడూ,

ఆయన్ని నేను పంపలేదు. అమ్మ మీద ఒట్టు. గుడ్డ తానులు తెస్తానని పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఖాళీ చేతులతో వచ్చారు. తానుల కొట్టు మూసి ఉందన్నారు. నీ ఉత్తరం చూశాక నిలదీస్తే కత్తెర తీసుకుని బట్ట కత్తిరించడానికి వెళ్ళిపోయారు. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు.

ఇంకా ఏమన్నారు? ఆయన నీతో అన్న ప్రతి మాటా విడవకుండా రాయి. నా పేరు ఎత్తారా? షాపు సంగతి ఏమైనా చెప్పారా? ఏం చెప్పినా నమ్మకు, ఆయనకి ఈ మధ్య అన్నీ అనుమానాలే.

నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇన్నిసార్లు చెప్పించుకోకు. గీతలు తెగాయి, చూశాను. చాలా చోట్ల తెగాయి. నాకు నిద్ర పట్టడం లేదు. నీకు ఏమీ లేదని ఒక్క డాక్టరు చెబితే చాలు, నేను బతికిపోతాను.

అక్క


మే 17

అక్కా,

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు ఏమీ లేదు.

వేళ్ళు టపటపలాడించమన్నాడు. మణికట్టు పట్టుకుని గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పి చూశాడు. వరండాలో నడిపించాడు. ఆఖరున కాగితం ఇచ్చి లోపలినుంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఒక గీత గీయమన్నాడు. జేబులో ఇదే ఉంది కదా, దీనితోనే గీశాను. లావూ సన్నం, లావూ సన్నం, ఎక్కడా తెగకుండా నత్తగుల్లలా వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఈ కలం ఎక్కడ కొన్నారు?" అని అడిగాడు. "మీకు జబ్బు లేదు, భయం ఉంది. దానికి నా దగ్గర మందు లేదు" అన్నాడు. నీ టేపుకి చిక్కిన ఇరుకు అక్షరాల సంగతి కూడా అడిగాను. కొన్నాళ్ళు ఆ వెడల్పు పాళీ పట్టి మళ్ళీ బాల్‌పెన్ను పడితే ఎవరి రాతయినా మారుతుందన్నాడు.

ఎగురుకుంటూ గదికి వచ్చాను. నీకు ఉత్త మాటగా కాకుండా రుజువులతో రాయాలనిపించింది. పెట్టెలోంచి అమ్మ ఉత్తరాలు తీశాను, నీవి తీశాను. జబ్బు రాత ఎలా ఉంటుందో, ఆరోగ్యమైన రాత ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి నీకు వివరంగా రాసి, నీ నోరు మూయించాలని.

అక్కా, నీ ఉత్తరాలు నేను ఎప్పుడూ లాబ్‌లోనే చదువుతాను. భూతద్దం దీపం కింద. అక్కడ ఆవగింజ కూడా ఉసిరికాయంత కనిపిస్తుంది. చదివి, మడిచి, గదికి తెచ్చి పెట్టెలో పెట్టేస్తాను. మళ్ళీ తీసి చూసింది లేదు. మొదటిసారి భూతద్దం లేకుండా మంచం మీద పరిచి చూశాను. మూడేళ్ళ కిందటి ఉత్తరం చదివాను. కిందటేడాదిది కాగితం దగ్గరికి పెట్టుకుని చదివాను. ఈ మే నెల ఉత్తరం చదవలేకపోయాను. కళ్ళజోడు తుడుచుకున్నాను, లైటు కిందికి జరిగాను. చివరికి దాన్ని అమ్మ ఆఖరి ఉత్తరం పక్కన పెట్టాను. ఏది ఎవరిదో తెలుసుకోవడానికి కింద పేరు చూడాల్సి వచ్చింది.

నీ ఉత్తరాలు పొట్టివయ్యాయనుకున్నాను. పొట్టివైనవి ఉత్తరాలు కావు, అక్షరాలు. అప్పుడు అమ్మ కాగితం పొదుపు చేస్తోందనుకున్నాం. ఇప్పుడు నువ్వు మాటలు పొదుపు చేస్తున్నావనుకున్నాను. ఒకే గుంటలో రెండుసార్లు పడ్డాను. ఒప్పందంలో నా వంతు నేను చేయలేదు. కొలిచేది అక్క కదా, అక్కకేమవుతుంది అనుకున్నాను.

ఈ పాళీ పట్టాకే నాకు అక్షరాన్ని అక్షరంగా చూడటం వచ్చింది. చూడటం వచ్చాక మిగిలినవన్నీ కనిపించాయి. బావ కత్తెర ఎందుకు లాక్కున్నారో, గ్లాసు సగమే ఎందుకు పోస్తున్నారో తెలిసింది. నిండా పోస్తే ఒలుకుతుందనే కదా. ఆయన వచ్చింది నా చెయ్యి చూడటానికి కాదు. నీ సంగతి నాకు చెప్పలేక, మనసాగక వచ్చారు. పాపం, పంటి నొప్పి అని అబద్ధం ఆడి, ఏ పన్నో కూడా అనుకోకుండా వచ్చారు. ఆయనతో మాట్లాడు.

నీకు ఎప్పటినుంచి తెలుసు? నాకెందుకు చెప్పలేదు? కోపంగా ఉంది, కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. రేపు బయల్దేరి వద్దామనుకుని ఆగాను. నువ్వు పిలవకుండా వస్తే తలుపు వేసుకుంటావని తెలుసు.

దీనితో పాటు అలాంటి కలమే ఇంకొకటి పంపుతున్నాను. అదే దగ్గుమందు రంగు. దాని వెనక దాక్కోవడానికి కాదు. ఇది చిన్నగా రాయనివ్వదు. చిన్నగా రాస్తే నల్ల చుక్కలు తప్ప ఏమీ మిగలదు, కాబట్టి చెయ్యి పెద్దగా కదలక తప్పదు. డాక్టరుని అడిగాను. పెద్దగా రాయడం అలవాటు చేసుకోవడం ఆ చేతికి మంచిదేనట. ముందు నువ్వు వెళ్ళి చూపించుకో.

నీ తమ్ముడు


జూన్ 5

అక్కా,

జవాబు లేదు. ఫోన్ చేస్తే బావ ఎత్తి "పడుకుంది" అంటున్నారు. పట్టపగలు ఎత్తినా అదే మాట. "డాక్టరు దగ్గరికి వెళ్ళారా బావా" అంటే "ఆవిడే రాస్తుంది" అని పెట్టేశారు.

నేను తప్పు రాసి ఉంటే తిట్టు. నీకు ఏమీ లేకపోతే, నా కళ్ళే చెడ్డాయని రాయి, నమ్ముతాను. నిజంగా నమ్ముతాను. రెండు రోజులనుంచి పని ముట్టుకోలేదు. లాబ్‌లో పోస్ట్‌మాన్ వచ్చే వేళకి మెట్ల మీద కూర్చుంటున్నాను. మా యజమాని నా పని కూడా తనే చేసి పెడుతున్నాడు, అదే నాకు ఇంకా భయంగా ఉంది.

ఏదో ఒకటి రాయి. ఒక్క గీత గీసి పంపినా చాలు.

తమ్ముడు


జూన్ 11

తమ్ముడూ,

నువ్వు పంపిన దగ్గుమందు కలంతో రాస్తున్నాను. కాగితాలు ఎన్ని పడుతున్నాయో చూశావా. మొదటి కాగితం నిండా నల్ల చుక్కలే వచ్చాయి, అది పంపడం లేదు. మీ బావ పక్కన కూర్చుని "పెద్దగా, ఇంకా పెద్దగా" అంటున్నారు. గోడకి రంగు వేయించేవాడిలా ఉన్నారు.

నీ ఉత్తరం వచ్చిన రోజు చదివి చింపేశాను. మర్నాడు ముక్కలేరుకుని అతికించాను. ఆ వారం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేనూ చుట్టలు గీశాను. నాది నత్తగుల్లలా రాలేదు. అదేనన్నాడు. అమ్మదే. ఇంకా మొదట్లోనే ఉందట. అమ్మ కాలంలో లేని మందులు ఇప్పుడున్నాయన్నాడు. వేసుకుంటున్నాను. కడుపులో తిప్పుతోంది, అయినా వేసుకుంటున్నాను.

ఎప్పటినుంచి తెలుసు అని అడిగావు. కిందటేడాది సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజునుంచి. తెలిసీ తెలియనట్టే ఉన్నాను. కానీ నువ్వు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఎవరూ చెప్పకపోయినా నా బుర్రలో ఒక లెక్క పెట్టుకున్నాను, మనిద్దరిలో ఎవరో ఒకరికే వస్తుందని. నీ రాత మారిందని చూడగానే గుండె ఆగింది నిజమే. ఆ వెనకే, తమ్ముడికి వచ్చిందంటే నాకు కాదన్నమాట అని ఒక ఆలోచన వచ్చింది. కనురెప్ప పడేంతసేపే. కానీ వచ్చింది. అందుకే అంత పట్టుబట్టి కొలిచాను, తగ్గాయని రాశాను. నీకు జబ్బు లేదని తెలిస్తే బతికిపోతానని కూడా రాశాను, అదీ అబద్ధం కాదు. రెండూ ఒక్క మనసులోనే ఉన్నాయి. ఇది మీ బావకి కూడా తెలియదు. ఈ కాగితం రాసేటప్పుడు ఆయన్ని టీ పెట్టమని పంపించాను.

నీకు లేదు. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. దేవుడి దయ.

టేపు ఈ కవర్లోనే పెడుతున్నాను. ఇక కొలవాల్సింది నువ్వు. భూతద్దం కింద పెట్టి చదివావంటే ఊరుకోను.

కాగితాలు అయిపోయాయి. షాపు బిల్లుల వెనక కూడా రాసేశాను. మిగిలిన ఆఖరి తెల్లకాగితం ఇదే, దీని ముందువైపు నిండిపోయింది. చాడీలకి కాగితం తిప్పాల్సి రావడం లేదన్నావుగా. తిప్పు.



భయంగా ఉందిరా.

వచ్చేయ్.

అక్క